గుమ్మడికొండ మీది తెల్లమబ్బు

ఒకానొక రాజ్యంలో ఒకే కొండకి రెండు పేర్లుండేవి. కోటగోడకి అవతల దాన్ని గుమ్మడికొండ అనేవారు. కోటగోడకి ఇవతల మేఘచుంబి అనేవారు. కొండ మాత్రం ఏ పేరుకీ పలక్కుండా తన మానాన తను కూర్చుని ఉండేది.

నిజం చెప్పొద్దూ, అది గుమ్మడికాయలాగే ఉండేది. బొద్దుగా, గుండ్రంగా, నెత్తిన తొడిమలాగా ఒక బండరాయి. పొద్దున్నే ఎక్కిన మేకలు కడుపునిండా మేసి మధ్యాహ్నానికల్లా దిగి వచ్చేసేవి. అలాంటి కొండకి మేఘాన్ని ముద్దాడేది అని అర్థం వచ్చే పేరు ఎందుకు పెట్టారంటే, ఆ రాజ్యాన్ని ఏలే ఉత్తుంగవర్మ మహారాజుకి ఎత్తంటే పిచ్చి.

ఆయన పొట్టి మనిషి. పొట్టిగా ఉండటం తప్పేమీ కాదు, ఈ కథ చెబుతున్న నేనూ పొట్టివాణ్ణే. కాకపోతే నేను ఒప్పుకుంటాను, ఆయన ఒప్పుకోడు. అందుకని కిరీటం మూరెడు ఎత్తు చేయించుకున్నాడు. సింహాసనానికి తొమ్మిది మెట్లు కట్టించుకున్నాడు. గుర్రాల్లో అన్నిటికంటే ఎత్తైనదాన్ని ఏరి తెప్పించుకున్నాడు. దాన్ని ఎక్కడానికి నిచ్చెన వేసేవారు. నిచ్చెన వేసినంతసేపూ సైన్యమంతా అటు తిరిగి నిలబడాలి.

సభలో ఎవరి నోటివెంటైనా గుమ్మడికొండ అనే మాట జారిందా, ఆ రోజు సభ ముగిసేదాకా మునివేళ్ల మీద నిలబడాలి. అదీ శిక్ష. ముసలి సేనాపతి పాత అలవాటు మానుకోలేక వారానికి మూడుసార్లు నిలబడేవాడు. ఆ వయసులోనూ ఆయన పిక్కలు మాత్రం భలే గట్టిగా ఉండేవి.

రాజుగారి గొప్పలకి ఆధారం లేకపోలేదు. వేసవిలో ఎండని, వానాకాలంలో జల్లని ఆయన మేడ ఎక్కేవాడు కాదు. మాఘ ఫాల్గుణాల్లో మాత్రం లేత ఎండ కాచుకోవడానికి పొద్దున్నే ఎక్కేవాడు. అలా ఎక్కిన ప్రతి పొద్దునా కొండ నడుముకి అడ్డంగా ఒక తెల్లమబ్బు ఉత్తరీయంలా చుట్టుకుని ఉండేది. కింద కొండ, మధ్యన మబ్బు, పైన శిఖరం. చూసి చూసి రాజుగారు తేల్చేశాడు, మన కొండ మబ్బుల్ని దాటి పైకి పోయిందని. ఆస్థాన పండితుడు పేరిభట్టు వెంటనే అవునన్నాడు. అవుననడమే ఆయన ఉద్యోగం. ఆ కొండ మీద నూట పదహారు పద్యాలు కూడా రాశాడు. కొండ మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

ఈ గొప్ప పక్క రాజ్యం దాకా పాకింది. అక్కడి రాజు మహాబలరాయుడికి నిజంగానే పెద్ద కొండ ఉంది. ఆయన మర్యాదగా ఒక లేఖ పంపాడు. మా కొండకి మబ్బులు అప్పుడప్పుడు వస్తాయి, మీ కొండకి రోజూ వస్తాయని విని ఆశ్చర్యపోయాను, మాఘ పౌర్ణమికి స్వయంగా వచ్చి చూస్తాను, ఈలోగా ఆ కొండని నీటిరంగుల్లో చిత్రింపజేసి ఉంచండి, చిత్రాన్నీ కొండనీ పక్కపక్కన పెట్టి చూసి, రెండూ ఒకేలా ఉంటే మీ కొండకి నమస్కారం పెట్టి చిత్రాన్ని మా సభలో వేలాడదీసుకుంటాను అని అందులో ఉంది. ఒకేలా లేకపోతే ఏం చేస్తాడో రాయలేదు. రాయకపోయినా రాజుగారికి అర్థమైంది. పౌర్ణమి ఇంకా పది రోజులుంది.

ఆస్థాన చిత్రకారుడు కూర్మయ్యకి కబురు వెళ్లింది.

కూర్మయ్య బక్కపలచని మనిషి. కుంచె చెవి మీద పెట్టుకుని తిరుగుతాడు. గోళ్ల సందుల్లో నీలిరంగు ఎప్పుడూ వదలదు. దీపపు మసితో నలుపు, నీలిమందుతో నీలం, జేగురుతో ఎరుపు, పసుపుకొమ్ముతో పసుపు, అన్నీ తానే నూరుకుని తుమ్మబంకలో కలుపుకుంటాడు. పసుపు కోసమైతే ఏటా మాఘంలో తానే కొండెక్కి తెచ్చుకుంటాడు. మాట మెల్లిగా ఉంటుంది. ఆ మెల్లితనం చూసి అమాయకుడనుకున్నవాళ్లు తరవాత తీరిగ్గా నాలిక్కరుచుకునేవారు.

మర్నాడు పొద్దున్నే మేడ మీద కాగితం పరిచి పని మొదలుపెట్టాడు. ముందు కాగితాన్ని తడిపాడు. తడి మీద నీలం చుక్క వదిలితే అది తనంతట తానే పాకి ఆకాశమైంది. ఆ తరవాత కుంచె పక్కన పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రాజుగారు కాసేపు చూశాడు, ఇంకాసేపు చూశాడు, ఆ పైన ఓపిక పోయింది.

"ఊరికే కూర్చున్నావేం?"

"నీళ్లు ఆరాలి ప్రభూ."

"ఆరమని ఆజ్ఞాపించమంటావా?"

"చిత్తం, ఆజ్ఞాపించండి. ఎండ ఎలాగూ ఆ పనిమీదే ఉంది."

రాజుగారు ఆజ్ఞాపించాడు. కాసేపటికి నీళ్లు ఆరాయి. రాజుగారికి సంతోషం కలిగింది.

రెండు రోజుల్లో చిత్రం సభకి వచ్చింది. కింద ఆకుపచ్చని కొండపాదం, అక్కడక్కడ జేగురురంగు రాళ్లు, నడుమ తెల్లగా మబ్బు, ఆ మబ్బు పైన ఎక్కడో, ఇక అందదన్నంత ఎత్తున, లేతనీలంలో శిఖరం. రాజుగారు సింహాసనం మీదనే కాస్త ఎదిగినట్టు కూర్చున్నాడు. అంతలో పేరిభట్టు లేచి చిత్రం దగ్గరికి వెళ్లి, ముక్కు ఆనేలా వంగి, ఆ తెల్లని చోట వేలితో రాసి చూశాడు. వేలికి ఏమీ అంటలేదు.

ఆయన మొహం వెలిగిపోయింది. ఇక్కడ రంగే లేదు, ఇది వట్టి కాగితం, ఈ మనిషి బద్ధకించి మూడో వంతు కాగితం అలాగే వదిలేసి మబ్బని మన చెవిలో పువ్వు పెడుతున్నాడు, ఏలినవారి కొండలో మూడో వంతు మింగేశాడు అని సభంతా వినేలా చెప్పాడు. రాజుగారి కనుబొమలు కిరీటం కిందికి వెళ్లిపోయాయి.

కూర్మయ్య ఉన్న సంగతి చెప్పాడు. నీటిరంగుల్లో తెలుపు అనే రంగుండదు, వదిలేసిన కాగితమే తెలుపు. ఎక్కడ వెయ్యాలో కుంచె పట్టిన ప్రతివాడికీ తెలుస్తుంది, ఎక్కడ మానుకోవాలో నేర్చుకోవడానికే పదేళ్లు పడుతుంది. ఒకసారి రంగు పడిందా, ఏడు సముద్రాల నీళ్లతో కడిగినా ఆ తెలుపు తిరిగి రాదు. అంతా విని రాజుగారు నింపమనే అన్నాడు. వదిలేసినదానికి గొప్పేమిటని ఆయన ఉద్దేశం.

"చిత్తం. ఇలాంటిదే ఇంకొకటి గీసి ఉంచాను. ముందు దాన్ని నింపి చూద్దాం. కాకపోతే నాది బద్ధకం చెయ్యి కదా, భట్టుగారే నింపితే బాగుంటుంది" అన్నాడు కూర్మయ్య.

పేరిభట్టు ఉత్తరీయం నడుముకి బిగించాడు. కుంచెని గంటంలా పట్టుకుని, రెండు చిప్పల ఆకుపచ్చ ఒంపి, మబ్బున్న చోటల్లా చెట్లు నాటాడు. చెట్ల మధ్యన పొదలు పెట్టాడు. పొదల పక్కన, శాస్త్రంలో ఉందని, ఒక ఏనుగుని కూడా నిలబెట్టాడు. చివరి చుక్క పెట్టి వెనక్కి జరిగి చూసుకున్నాడు.

కింది కొండా పై శిఖరమూ ఒకటైపోయాయి. మధ్యన ఇంకేమీ లేకపోయేసరికి ఆకాశంలో ఉన్న శిఖరం కిందికి దిగి, నెత్తిన తొడిమతో బొద్దుగా కూర్చుంది. సభంతా చూపు తిప్పుకుంది. ముసలి సేనాపతి మాత్రం కళ్లు చికిలించి చూసి, అచ్చం గుమ్మడికొండే అని మెచ్చుకుని, ఎవరూ చెప్పకుండానే మునివేళ్ల మీద నిలబడ్డాడు.

రాజుగారు ఆ బొమ్మని అటు తిప్పి పెట్టించాడు. మొదటి చిత్రం జోలికి ఎవరూ పోవద్దన్నాడు. మానుకోవడంలో కూడా పని ఉందని ఆ పూట ఆయనకి కొంచెం తెలిసింది. పేరిభట్టుకి మాత్రం మంట పుట్టింది. అవమానపడ్డ పండితుడు ఇంటికి పోయి పడుకోడు కదా, ఇంకో తప్పు వెతుకుతాడు. ఆయన మళ్లీ చిత్రం మీదికి వంగాడు. ఈసారి మబ్బు అడుగు అంచున దొరికింది.

అక్కడ గోధుమరంగులో చిన్న చిన్న గీతలున్నాయి. అవి ఇళ్ల కప్పులు. కొండ నడుమున ఉన్న కొప్పెరగూడెంలోని నలభై గడ్డి ఇళ్లు. మేడ మీంచి చూస్తే రాళ్లలా కనిపించేవి గనక రాజుగారు ఏనాడూ పట్టించుకోలేదు. కూర్మయ్య అవి ఉన్నాయి గనక గీశాడు, ఇష్టం గనక ముచ్చటగా గీశాడు.

మేఘచుంబి నడుమున గుడిసెలేమిటి, ఆ పొరుగు మహారాజు చూసి నవ్వడా, గుడిసెలు మేఘం దాకా ఎక్కాయంటే ఇక మేఘానికి ఎత్తేముంది అని పేరిభట్టు అందుకున్నాడు. ఎత్తు మాట వినేసరికి రాజుగారికి తక్కినవేవీ వినిపించలేదు. మూడు రోజుల్లో గూడెం ఖాళీ కావాలి, వాళ్లని ఏటి అవతల చిత్తడినేలకి పంపెయ్యాలి, ఇళ్లు పీకి పారెయ్యాలి, కొత్త చిత్రం గుడిసెలు లేకుండా గియ్యాలి అని ఆజ్ఞ అయిపోయింది.

కూర్మయ్య పెట్టిన నాలుగు గీతలే నలభై ఇళ్లకి మీదికొచ్చాయి. కాళ్ల మీద పడితే రాజుగారు ఇంకో మెట్టు పైకెక్కుతాడే గాని దిగడని అతనికి తెలుసు. అందుకని ఏడుపు మింగి, మెల్లిగా రెండు మనవులు చేసుకున్నాడు.

మొదటిది, ఇళ్లు పీకుతుంటే లేచే దుమ్ము తడి రంగులకి అంటుకుంటుంది, కాబట్టి ముందు మనుషుల్ని మాత్రం పంపాలి, చిత్రం పూర్తయ్యాకే ఇళ్లు పీకాలి. ఖాళీ ఇళ్లని చిత్రంలో గీయకుండా వదిలెయ్యడానికి తనకి అభ్యంతరం లేదు. రెండోది, చిత్రాన్నీ కొండనీ పక్కన పెట్టి చూస్తారు కనక, ఆ రోజు ఏలినవారు తన పక్కనే కూర్చోవాలి, ఇళ్లు తప్ప కొండ మీద కనిపించిన ప్రతిదీ గీయాలి, కనిపించనిది ఒక్క చుక్క కూడా గీయకూడదు, గీయమని తనని ఎవరూ అడగకూడదు. ఈ మాట రాసి రాజముద్ర వెయ్యాలి.

రాజుగారికి ఇందులో తిరకాసేమీ కనిపించలేదు. ముద్ర వేసేశాడు. ఎత్తుగా ఉంటుందని ఆ ముద్రని పీట మీద పెట్టి వేశాడు.

కూర్మయ్య తిన్నగా కొండెక్కాడు. గూడెమంతా పసుపు పనిలో ఉంది. మాఘం వచ్చిందంటే అక్కడివాళ్లు పసుపు తవ్వి, దుంపలు కడిగి, ఇంటి ముందు పెద్ద పెద్ద రాగి కొప్పెరల్లో ఉడకబెడతారు. ఉడికిన పసుపే ఎండుతుంది, ఎండిన పసుపే సంతకి వెళుతుంది. తెల్లవారకముందే నలభై ఇళ్ల ముందూ నలభై కొప్పెరలు కుతకుతమంటాయి. ఆ గూడేనికి పెద్ద నూకాలు. ఆమె తెడ్డు పట్టుకుని ఆవిరిలో సగం కనిపిస్తూ సగం కనిపించకుండా నిలబడి ఉంది.

కూర్మయ్య చెప్పింది విని ఆమె తెడ్డు దించింది. "ఏటి బాబూ, మా ఇళ్లు రాజుగారి కళ్లకి అడ్డొచ్చినాయా? పసుపు తవ్వి పోగులెట్టుకున్నాం. ఉడకెయ్యకపోతే కుళ్లిపోద్ది. ఆ చిత్తడిలో పసుపు ఏటి పండుద్ది, మేం ఏటి తింతాం?"

కూర్మయ్యకి కళ్లు చెమర్చాయి. ఆవిరి వల్ల అని చెప్పుకున్నాడు. నావల్లే వచ్చింది, నేనే దాటిస్తాను, మూడు పొద్దులు పొయ్యిలార్పి కిందనున్న మీ చుట్టాల ఇళ్లకి వెళ్లండి, కొప్పెరలు ఇక్కడే ఉంచండి, నా మాట వమ్మయితే చిత్తడినేలలో మీతో పాటు నేనూ గుడిసె వేసుకుంటాను అని మాట ఇచ్చాడు. నూకాలు అతని మొహంలోకి చాలాసేపు చూసి, సరేనంది.

కూర్మయ్య దిగుతూ వెనక్కి తిరిగి చూశాడు. నలభై కొప్పెరల ఆవిరి చలిగాలికి పైకి పోలేక, పక్కకి పాకి, కొండ నడుముకి తెల్లగా చుట్టుకుని ఉంది.

మీకు అర్థమైపోయింది. నాకు తెలుసు. కాస్త నోరు మూసుకుని ఉండండి, రాజుగారి దాకా పోనివ్వకండి.

గూడెం ఖాళీ అయింది. మర్నాడు పొద్దున్నే రాజుగారు, పేరిభట్టు, కూర్మయ్య మేడెక్కారు. ఆకాశం నిర్మలంగా ఉంది. కొండ కూడా నిర్మలంగానే ఉంది. పాదం నుంచి తొడిమ దాకా ఎక్కడా ఏ దాపరికమూ లేకుండా, ఎండలో గుండ్రంగా కూర్చుని ఉంది.

"మబ్బేది?" అన్నాడు రాజుగారు.

పేరిభట్టు కాసేపట్లో వస్తుందన్నాడు. కాసేపయ్యాక, పెద్దవాళ్లు ఆలస్యంగానే వస్తారన్నాడు. ఇంకాసేపయ్యాక, ఇవాళ వర్జ్యం ఉందన్నాడు. కూర్మయ్య మాత్రం తన పని తాను చేసుకుపోతున్నాడు. పచ్చని కొండపాదం వేసి, దాని పైన ఇంకా పచ్చగా వేసి, మధ్యమధ్య కుంచె ఎత్తి, ఇక్కడ తెలుపు వదలమంటారా ప్రభూ, వదలడానికి అక్కడేమీ కనిపించడం లేదు అని వినయంగా అడుగుతున్నాడు. రాజముద్ర పడిన కాగితం ఎగిరిపోకుండా రంగుచిప్ప కింద రెపరెపలాడుతోంది. మధ్యాహ్నానికి కాగితం మీద ఒక చక్కని గుమ్మడికాయ తయారైంది. పేరిభట్టు వేసినదానికీ దీనికీ తేడా ఒక్కటే, ఇందులో ఏనుగు లేదు.

రెండో పొద్దు కూడా అంతే. పేరిభట్టు మేడ మీద హోమం చేయించాడు. ఆ పొగ కొండ దాకా పోకుండా రాజుగారి కళ్లలోకే వచ్చింది. మంగళవాద్యాలు పెట్టించాడు. ఆ చప్పుడుకి కొండ మీది మేకలు ఇటు తిరిగి చూశాయి. ఇక లాభం లేదని, మహాబలరాయుడే మన మబ్బుని దొంగిలించి ఉంటాడని తేల్చాడు. నవ్వకండి, రాజుగారు నమ్మాడు. సరిహద్దులో బళ్లన్నీ ఆపి వెతకమని సైనికుల్ని తరిమాడు. సాయంత్రానికి వాళ్లు ఒక దూదిబండిని పట్టుకొచ్చి, ఇది మబ్బో కాదో మాకు తెలియడం లేదు, ఏలినవారే చూసి చెప్పాలి అన్నారు. బండివాడు అది పరుపుల్లోకి దూది అని ఎంత మొత్తుకున్నా, రాజుగారు పిడికెడు తీసి కొండ వైపు పట్టుకుని, ఒక కన్ను మూసి, కాసేపు చూశాడు. చూసి నిట్టూర్చి బండిని పంపేశాడు. ఆ నిట్టూర్పు విన్నాక కూర్మయ్యకి కూడా కొంచెం జాలి వేసింది.

మూడో పొద్దుకి రాజుగారు దిగివచ్చాడు. దిగివచ్చాడంటే నిజంగానే, తొమ్మిది మెట్లూ దిగి కూర్మయ్య ముందు నిలబడ్డాడు. ఎల్లుండే పౌర్ణమి. ఎలాగైనా తెలుపు వదిలి గియ్యమని అడగబోయి, ముద్ర గుర్తొచ్చి ఆగిపోయాడు.

"వదిలి గీసినా లాభం లేదు ప్రభూ. ఆ మహారాజు కళ్లతో చూస్తారు కదా" అన్నాడు కూర్మయ్య. "మబ్బుని ఎవరు పంపేశారో వాళ్లే పిలవాలి."

"ఎవరు పంపేశారు?"

"ఏలినవారే."

కూర్మయ్య మెల్లిగా, ఆ మబ్బు ఎవరి మాట వింటుందో నాకు తెలుసు, సెలవిస్తే పిలిపిస్తాను అన్నాడు. రాజుగారు తలూపాడు. ఏ మునీశ్వరుడో వస్తాడని సభంతా గుమ్మం వైపు చూసింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, మోచేతుల దాకా పసుపుతో నూకాలు వచ్చింది.

మబ్బుని మళ్లీ తేగలవా అని రాజుగారు అడిగాడు. ఆమెకి ముందు అర్థం కాలేదు. ఏ మబ్బో, ఎక్కడుండేదో కూర్మయ్య విడమరిచి చెప్పాక నవ్వేసింది.

"అదా మారాజా. అది మబ్బు కాదు, మా పసుపు కొప్పెర్ల ఆవిరి. పొయ్యి రాజేత్తే వత్తాది, ఆర్పేత్తే పోతాది. తవరే కదా ఆర్పేసి ఎల్లిపొమ్మన్నారు."

పన్నెండేళ్లుగా పొరుగు రాజులందరికీ చెప్పుకున్న మబ్బు. నూట పదహారు పద్యాలు. రాజుగారి మొహం ముందు తెల్లబడి, ఆ తరవాత జేగురురంగుకి తిరిగింది. రాజమేఘాన్ని వంట ఆవిరి అన్నందుకు ఈ మనిషిని శిక్షించాలని పేరిభట్టు లేచాడు. రాజుగారి చెయ్యి కూడా పైకి లేచింది. నూకాలు నవ్వు ఆగిపోయింది. కూర్మయ్య చెవి మీది కుంచె తీసి రెండు చేతులా పట్టుకుని, ఆమెకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ప్రభూ, మహాబలరాయుడి కొండకి మబ్బు ఎప్పుడొస్తుందో ఆయనకి తెలియదు. రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు. మన కొండకి మాత్రం ఏలినవారి జనం పొద్దున్నే లేచి మబ్బుని వండి వారుస్తారు. లోకంలో మబ్బుని వండించుకునే రాజు మీరు కాక ఇంకెవరున్నారు? ఆ పొయ్యిలు ఉంటే మీ కొండ ఆకాశంలో ఉంటుంది. అవి ఆరిపోతే అది ఏమవుతుందో మూడు రోజులుగా చూస్తూనే ఉన్నారు."

రాజుగారి చెయ్యి గాలిలోనే ఆగింది. ఆయన ఒకసారి నూకాలు చేతులకున్న పసుపు చూశాడు. ఒకసారి అటు తిప్పి పెట్టిన ఏనుగు బొమ్మ వైపు చూశాడు. ఒకసారి పేరిభట్టు వైపు చూశాడు. దూదిని కొండ వైపు పట్టుకుని తను ఒక కన్ను మూసిన సంగతి గుర్తొచ్చింది కాబోలు, ముందు బుగ్గలు అదిరాయి, తరవాత పొట్ట కదిలింది, ఆ తరవాత ఆయన నవ్వు మొదలైంది. నవ్వుతూ నవ్వుతూ వంగిపోతే మూరెడు కిరీటం కింద పడి సభ మధ్య దాకా దొర్లుకుంటూ పోయింది. ఎవరైనా తీసి ఇవ్వబోతే ఉండనివ్వమన్నాడు.

"పన్నెండేళ్లు ఆవిరిని మేఘమనుకుని, కొండకి మేఘచుంబి అని పేరు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కరైనా చెప్పలేదేమయ్యా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

చెబితే మునివేళ్ల మీద నిలబెడతారని ముసలి సేనాపతి గొణిగాడు. అదీ నిజమేనని రాజుగారు మళ్లీ నవ్వాడు. నూకాలుతో మాత్రం నవ్వకుండా మాట్లాడాడు. తప్పైపోయింది తల్లీ, ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించుకో అన్నాడు. ఆమె ఆ మాట కోసమే ఆగినట్టు, దండం పెట్టి, ఇంకేమీ వినకుండా గబగబా వెళ్లిపోయింది. పసుపు పోగులు ఎదురుచూస్తున్నాయి మరి.

పౌర్ణమినాడు పొద్దున్నే మహాబలరాయుడు మేడెక్కాడు. మూడు రోజుల పని బాకీ పడింది కనక కొప్పెరగూడెంవాళ్లు రెండేసి కొప్పెరలు ఎక్కించారు. అంత మబ్బు ఆ కొండ పుట్టాక చూసి ఉండదు. శిఖరం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మహాబలరాయుడు కూర్మయ్య మొదట గీసిన చిత్రాన్ని కొండ పక్కన పెట్టి చూసి, నలభై కప్పులనూ వేలితో లెక్కపెట్టాడు. ఆ తరవాత కొండకి నమస్కారం పెట్టాడు. పెట్టి, గాలి పీల్చి, మీ మబ్బు పసుపు వాసన వేస్తోందేమిటని అడిగాడు.

కూర్మయ్య నోరు తెరవబోయాడు. రాజుగారు అడ్డు పడ్డాడు.

"మా రాజ్యంలో మబ్బులు కూడా ఒంటికి పసుపు రాసుకునే బయటికొస్తాయి" అన్నాడు. ఆ పైన ఆగలేక, ఆ పొయ్యిల సంగతంతా తానే విప్పి చెప్పేశాడు, దూదిబండితో సహా. మహాబలరాయుడు మేడ పిట్టగోడ పట్టుకుని మరీ నవ్వాడు. మబ్బుని వండించుకోవడం నాకు చేతకాదు కనక నా నమస్కారం వెనక్కి తీసుకోను అన్నాడు. వెళ్తూ చిత్రంతో పాటు రెండు బస్తాల పసుపు కూడా బండిలో వేయించుకున్నాడు.

మర్నాడు సభలో రాజుగారు తన ముంజేతి బంగారు కడియం తీసి కూర్మయ్యకి తొడిగాడు. బక్క చెయ్యి కావడంతో అది మోచేతి దాకా పోయింది. ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. కొండ నడుమున ఆ నేల ఎప్పటికీ గూడెంవాళ్లదే అని శాసనం చెక్కించమని కూర్మయ్య అడిగాడు. రాగిరేకు మీద చెక్కిస్తే ఏ పెట్టెలోనో మూల పడుతుందని, రాజుగారు కొత్త రాగి కొప్పెర ఒకటి చేయించి దాని అంచు చుట్టూ చెక్కించి నూకాలుకి పంపాడు. తన ఇంటి హక్కుపత్రంలో పసుపు ఉడకబెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

పేరిభట్టుకి కూడా సత్కారం జరిగింది. ఆయన చిత్రాన్ని సభలో ఆయన పీటకి ఎదురుగా వేలాడదీయించారు, ఏనుగుతో సహా.

ఇదంతా అయ్యాక రాజుగారు హాయిగా సింహాసనం మీద వెనక్కి వాలి, ఏమైనా మన గుమ్మడికొండ లాంటి కొండ ఇంకెక్కడా లేదయ్యా అన్నాడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు. సభంతా తలలు దించుకుని నేల చూసింది. రాజుగారు అందరివంకా చూసి, కిరీటం తీసి పక్కన పెట్టి, తొమ్మిది మెట్లూ దిగి వచ్చి, సభ మధ్యన మునివేళ్ల మీద నిలబడ్డాడు. అలవాటు లేని పని కావడంతో అటూ ఇటూ తూలుతుంటే ముసలి సేనాపతి పక్కకి వచ్చి భుజం అందించి, మడమలు దగ్గరగా పెట్టుకోవాలని నేర్పాడు.

"కూర్మయ్యా, ఎలా ఉన్నాను?" అన్నాడు రాజుగారు పళ్లు బిగపట్టి, నవ్వాపుకుంటూ.

కూర్మయ్య కుంచె అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి, కొలిచి చూశాడు.

"ప్రభూ, పన్నెండేళ్లుగా చూస్తున్నాను. ఏలినవారు ఇంత ఎత్తుగా ఎప్పుడూ లేరు" అన్నాడు.

ఆ రోజు సభ తొందరగా ముగించలేదు. రాజుగారే వద్దన్నాడు.